గోడకు టీవీ బిగించే ముందు

ఈ పాఠం చదివిన తరువాత మీరు తెలుసుకునే విషయాలు:

1. టీవీ పిల్లల మీద ఎందుకు పడుతుంది?
2. మీ ఇంటి గోడ టీవీ బరువును మోయగలదా, లేదా?
3. టీవీని ఎక్కడ, ఎంత ఎత్తులో బిగించాలి? మంచం మీద ఉన్న రోగి కోసం ఏం గమనించాలి?
4. డ్రిల్లింగ్ చేసే రోజు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏమిటి?
5. జరగరానిది జరిగితే వెంటనే ఏం చేయాలి?

ఆసుపత్రి పుస్తకంలో టీవీ గురించి పాఠం ఏమిటని మీకు అనిపించవచ్చు. రోగిని ఇంటికి తీసుకువెళ్ళే రోజు దగ్గర పడుతున్నప్పుడు చాలా కుటుంబాలలో వినిపించే మాట ఒకటి ఉంది. "పాపం, మంచం మీద ఒక్కరే ఉంటారు. ఆ గదిలో ఒక టీవీ పెడితే పొద్దుపోతుంది." ఆ మాట వెనక ఉన్నది ప్రేమే. అయితే ప్రేమతో చేసే పనిని జాగ్రత్తగా కూడా చేయాలి. అందుకే ఈ పాఠం.

ఒక ఇంటిని ఊహించుకుందాం

తాతగారికి పక్షవాతం వచ్చింది. కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చారు. ఆయన గదిలో పెట్టడానికి కొడుకు 43 అంగుళాల ఫ్లాట్ స్క్రీన్ టీవీ కొన్నాడు. "గోడకు తరువాత బిగిద్దాంలే" అనుకుని, బట్టలు పెట్టుకునే సొరుగుల బల్ల మీద దాన్ని నిలబెట్టారు. ఇంట్లో రెండున్నర ఏళ్ళ పాప ఉంది. పాపకు అందకూడదని రిమోట్‌ను టీవీ పక్కనే, బల్ల మీద పైకి పెట్టారు.

ఒక మధ్యాహ్నం తల్లి వంటింట్లో ఉంది. తాతగారు కునుకు తీస్తున్నారు. పాప కింది సొరుగు లాగింది. అది మెట్టులా కనిపించింది. దాని మీద కాలు పెట్టి, రెండో చేత్తో టీవీ అంచు పట్టుకుంది. సొరుగు మీద పడిన బరువుతో బల్ల ముందుకు ఒరిగింది. టీవీ కింద పడింది.

అది పాపకు జానెడు దూరంలో పడింది కాబట్టి ఈ కథ ఏడుపుతోనే ముగిసింది. ఆ జానెడు తేడా లేకపోతే అదే పాపను ఒడిలో పెట్టుకుని తల్లి అత్యవసర విభాగానికి పరుగెత్తుకుని వచ్చేది. ఈ ఇంట్లో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. బాధ్యత లేని వాళ్ళు కూడా లేరు. "తరువాత బిగిద్దాంలే" అన్న ఒక్క మాట మాత్రమే ఉంది.

టీవీ ఎందుకు పడుతుంది?

పాత డబ్బా టీవీలు చాలా బరువుగా ఉండేవి. వాటి బరువంతా ముందు గాజు వైపే ఉండేది. ఇప్పటి ఎల్.ఇ.డి. టీవీలు తేలిక. 32 అంగుళాల టీవీ సుమారు 4 నుంచి 6 కిలోలు, 43 అంగుళాల టీవీ సుమారు 7 నుంచి 10 కిలోలు ఉంటుంది. తేలికగా ఉన్నాయి కదా, ప్రమాదం ఏముందని చాలామంది అనుకుంటారు. కానీ ఇవి పొడవుగా, పలుచగా ఉండి, కింద రెండు సన్నని కాళ్ళ మీద నిలబడతాయి. మెల్లగా లాగినా ముందుకు వాలిపోతాయి. ఐదు కిలోల బియ్యం సంచి బల్ల మీద నుంచి జారి పసిబిడ్డ తల మీద పడితే ఏమవుతుందో ఆలోచించండి. టీవీకి గట్టి అంచులు కూడా ఉన్నాయి.

పసిపిల్లల శరీరంలో తల వంతు పెద్దది. పుట్టినప్పుడు బిడ్డ పొడవులో సుమారు నాలుగో వంతు తలే ఉంటుంది. పుర్రె ఎముక పలుచన, మెడ కండరాలు బలహీనం. పైనుంచి వస్తువు పడేటప్పుడు పక్కకు తప్పుకోవాలనే తెలివి, వేగం కూడా వారికి ఉండవు. అందుకే దెబ్బ ముందుగా తలకే తగులుతుంది.

అమెరికాలో 1990 నుంచి 2011 వరకు టీవీల వల్ల గాయపడి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన పిల్లల లెక్కలను పరిశీలించి, ఆ ఫలితాలను 2013లో 'పీడియాట్రిక్స్' అనే వైద్య పత్రికలో ప్రచురించారు. సగటున ఏడాదికి 17,000 మందికి పైగా పిల్లలు అలా వచ్చారు. వారిలో సగానికి పైగా 5 ఏళ్ళలోపు వారే. సగానికి పైగా గాయాలు తలకు, మెడకు తగిలినవే. 2015లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి టీవీలను, బీరువాలను గోడకు బిగించమని ఇంటింటికీ చెప్పే ప్రచారం మొదలుపెట్టింది. మన ఇళ్ళలోనూ ఇప్పుడు అవే టీవీలు, అలాంటి బల్లలే ఉన్నాయి. పిల్లలు ఎక్కడైనా పిల్లలే.

పిట్టగోడ నేర్పే పాఠం

పరిశుద్ధ గ్రంథంలో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో ఇల్లు కట్టేవారికి ఒక ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, ఎవరైనా అక్కడి నుంచి పడితే ఆ దోషం ఇంటి మీదికి వస్తుందని దాని భావం. ఎవరో ఒకరు పడిన తరువాత కట్టమని అది చెప్పలేదు. పడకముందే కట్టమంది. పడబోయేవారు ఎవరో మనకు తెలియకపోయినా, వారి పట్ల బాధ్యత ఇంటి యజమానిదే.

ఏ మతం వారికైనా ఈ మాట వర్తిస్తుంది. ఈ రోజుల్లో మన ఇళ్ళలో మిద్దె మీద పిట్టగోడ ఉంటుంది. కింద హాల్లో టీవీకి మాత్రం ఏ ఆధారమూ ఉండదు. టీవీని గోడకు గట్టిగా బిగించడం కూడా ఒక పిట్టగోడ కట్టడమే. ఇంట్లో అందరికన్నా బలహీనులు ఎవరో, పాకే బిడ్డా, మంచం మీద ఉన్న రోగా, వారిని ముందు తలచుకుని ఈ పని చేయాలి. గోడకు ఏది అందంగా ఉంటుందన్నది ఆ తరువాతి సంగతి.

మొదట గోడను పరీక్షించండి

టీవీ బిగించడానికి టెక్నీషియన్ వస్తాడు. అరగంటలో పని ముగించుకుని ఇంకో ఇంటికి వెళ్ళిపోతాడు. ఆ గోడ కింద ఏళ్ళ తరబడి తిరిగేది మీరు. కాబట్టి మీ గోడ ఎలాంటిదో మీకే ముందు తెలియాలి.

డాక్టరు ఛాతీ మీద వేళ్ళతో తట్టి లోపల గాలి ఉందో, నీరు చేరిందో తెలుసుకోవడం మీరు చూసే ఉంటారు. గోడను కూడా అలాగే పిడికిలితో తట్టి చూడండి. బరువైన, గట్టి శబ్దం వస్తే ఇటుక గోడో, కాంక్రీటో కావచ్చు. డప్పులాంటి శబ్దం వస్తే లోపల ఖాళీ ఉన్నట్టు.

రంధ్రం వేసేటప్పుడు రాలే పొడి కూడా గోడ సంగతి చెబుతుంది. మొదట బూడిద రంగు పొడి వస్తుంది. అది సిమెంటు పూత. ఆ తరువాత ఎర్రటి పొడి వస్తే లోపల ఎర్ర ఇటుక ఉంది. తెల్లని మెత్తని పొడి సులువుగా రాలిపోతుంటే అది తేలికపాటి బ్లాకులతోనో, జిప్సం పలకతోనో కట్టిన గోడ. డ్రిల్లు బిట్టు ఉన్నట్టుండి లోపలికి జారిపోతే అది బోలు దిమ్మె.

ఎర్ర ఇటుక గోడ: మంచిదే. అయితే ప్లాస్టిక్ ప్లగ్గు పూర్తిగా ఇటుకలో కూర్చోవాలి, పైపూతలో కాదు. ఇటుకకూ ఇటుకకూ మధ్య ఉన్న సిమెంటు సందులో రంధ్రం పడితే పట్టు తగ్గుతుంది. అప్పుడు కొంచెం జరిపి మళ్ళీ వేయించండి.

కాంక్రీటు గోడ, పిల్లరు: పట్టు చాలా బాగుంటుంది. మామూలు డ్రిల్లు సరిపోదు, హ్యామర్ డ్రిల్లు కావాలి.

బోలు దిమ్మెలు, తేలికపాటి బ్లాకులు: మామూలు ప్లగ్గులు వదులైపోతాయి. వీటి కోసమే తయారైన ప్రత్యేక ప్లగ్గులు దొరుకుతాయి. లేదా బోల్టును గోడ అవతలికి దాటించి, వెనకవైపు ఇనుప పట్టీ పెట్టి బిగించవచ్చు.

మట్టి గోడ, జిప్సం పలక, సన్నని బండలు నిలబెట్టిన గోడ: వీటికి టీవీ బిగించకండి. దీనికి వేరే మార్గం కింద చెప్పాము.

సిమెంటు రేకుల అడ్డుగోడ: పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దానికి రంధ్రం చేసినప్పుడు లేచే సన్నని పీచు ఊపిరితిత్తులలో చేరి, ఏళ్ళ తరువాత జబ్బు తెస్తుంది. రేకులకు డ్రిల్లింగ్ అసలే వద్దు.

చెమ్మ దిగిన గోడను కూడా వదిలేయండి. వానాకాలంలో నీరు ఊరే గోడలో ప్లగ్గుల పట్టు సడలుతుంది, స్క్రూలు తుప్పు పడతాయి. దానికి తోడు, తడి గోడా కరెంటూ ఒకచోట ఉండకూడదు.

బ్రాకెట్ ఎంచుకోవడం

ప్రతి టీవీ వెనక నాలుగు రంధ్రాలు ఉంటాయి. వాటి మధ్య దూరం మిల్లీమీటర్లలో 100 x 100, 200 x 200 ఇలా చెబుతారు. బ్రాకెట్ ఆ కొలతకు సరిపోవాలి. టీవీతో వచ్చిన స్క్రూలనే వాడాలి. పొడవు ఎక్కువైన స్క్రూ లోపలి భాగాలను పాడుచేస్తుంది, పొట్టిదైతే ఊడిపోతుంది. బ్రాకెట్ మీద ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది. అది మీ టీవీ బరువు కన్నా బాగా ఎక్కువ ఉండేలా చూసుకోండి.

బ్రాకెట్లు మూడు రకాలు. గోడకు అంటుకుని కదలకుండా ఉండేది మొదటిది. కొద్దిగా కిందికి వంచుకోగలిగేది రెండోది. చేయిలా ముందుకు లాగి అటూ ఇటూ తిప్పుకునేది మూడోది. మూడోది సౌకర్యంగా కనిపిస్తుంది. కానీ గోడ మీద దాని భారం వేరు.

నీళ్ళ బిందెను చంకన పెట్టుకుని నడిచే తల్లిని చూడండి. అదే బిందెను చేయి చాచి పట్టుకోమంటే క్షణం కూడా నిలవలేదు. బరువు మారలేదు, దూరం మారింది. టీవీ కూడా అంతే. 10 కిలోల టీవీ, పై స్క్రూకూ బ్రాకెట్ కింది అంచుకూ మధ్య 20 సెంటీమీటర్లు ఉన్న బ్రాకెట్ అనుకుందాం. టీవీ గోడకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పై స్క్రూలను గోడ నుంచి బయటకు లాగే బలం సుమారు రెండున్నర కిలోలు. అదే టీవీని చేయి మీద 50 సెంటీమీటర్లు ముందుకు లాగితే ఆ బలం సుమారు 25 కిలోలు అవుతుంది. అంటే పది రెట్లు. దానికి తోడు పిల్లవాడు పట్టుకుని వేలాడితే ఇంకా పెరుగుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో మొదటి రకమో, రెండో రకమో చాలు.

ఎక్కడ, ఎంత ఎత్తులో?

కొన్ని ఇళ్ళలో టీవీని తలుపు పైఅంచు ఎత్తులో బిగిస్తారు. గోడ మీద ఫోటో పెట్టినట్టు అందంగా ఉంటుంది. కానీ రోజూ రెండు గంటలు మెడ వెనక్కి వంచి చూసేవారికి మెడనొప్పి, భుజాల నొప్పి మొదలవుతాయి. మెడ ఎముకల అరుగుదల ఉన్న పెద్దవాళ్ళకు మరీ ఇబ్బంది.

కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కళ్ళు నేల నుంచి సుమారు 100 నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. చాప మీద కూర్చుంటే 75 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. తెర మధ్యభాగం కళ్ళకు ఎదురుగా, లేదా కొంచెం పైన ఉంటే మెడకు సుఖం. చిన్నపిల్లలున్న ఇంట్లో టీవీ కింది అంచు నేల నుంచి ఒక మీటరు ఎత్తులో ఉండేలా బిగించి, తెరను కొద్దిగా కిందికి వంచుకోవచ్చు. 43 అంగుళాల టీవీ అయితే తెర మధ్యభాగం 125 సెంటీమీటర్ల దగ్గరకు వస్తుంది. రెండున్నర మీటర్ల దూరంలో కుర్చీలో కూర్చున్నవారికి ఆ తేడా మెడను పెద్దగా ఇబ్బంది పెట్టదు.

తెర కొలతకు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల దూరంలో కూర్చోవాలి. 32 అంగుళాల తెర అంటే 81 సెంటీమీటర్లు. కాబట్టి 1.2 నుంచి 2 మీటర్ల దూరం సరిపోతుంది. కిటికీకి ఎదురుగా బిగిస్తే వెలుతురు తెర మీద పడి కళ్ళకు శ్రమ కలుగుతుంది. కిటికీకి పక్క గోడ మంచిది.

చిన్న ఉపాయం చెబుతాము. పాత వార్తాపత్రికలను అతికించి టీవీ అంత కాగితం తయారుచేయండి. దాన్ని గోడకు అంటించి, ఒకరోజంతా అలాగే ఉంచండి. ఇంట్లో ప్రతి ఒక్కరూ తాము కూర్చునే చోటు నుంచి చూసి చెప్పాలి. కాగితం జరపడం తేలిక, గోడకు పడిన రంధ్రం జరగదు.

మంచం మీద ఉన్న రోగి కోసం

రోగి గదిలో అయితే ఎత్తును నిర్ణయించేది రోగి కళ్ళే. మీరు నిలబడి చూసి నిర్ణయించకండి. రోగి తలగడ పక్కన మీ తల ఆనించి, అక్కడి నుంచి గోడను చూడండి. తల వైపు ఎత్తిన మంచం మీద పడుకున్నవారికి చూపు సహజంగానే కొంచెం పైకి వెళుతుంది. కాబట్టి ఇక్కడ టీవీ కొంచెం ఎత్తులో ఉండి, కిందికి వంగి ఉండాలి.

- మంచానికి కాళ్ళ వైపు ఎదురు గోడకు, మధ్యలో బిగించండి. పక్క గోడకు బిగిస్తే రోగి మెడ గంటల తరబడి ఒకే వైపు తిరిగి ఉంటుంది.
- మంచానికి తల వైపు, మంచానికి సరిగ్గా పైన ఎప్పుడూ బిగించకండి. పడితే తప్పుకోలేని మనిషి అక్కడ ఉన్నారని మరచిపోవద్దు.
- కదలలేని రోగిని సాధారణంగా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. సీరియల్ మధ్యలో ఉందని ఆ పని ఆపితే పుండ్లు పడతాయి.
- పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టంగా ఉంటుంది. అన్నం పెట్టేటప్పుడు టీవీ ఆపేయండి. ధ్యాస తెర మీద ఉంటే ముద్ద గొంతుకు అడ్డుపడవచ్చు, ఊపిరితిత్తులలోకి పోవచ్చు.
- రాత్రి నిద్ర వేళకు టీవీ ఆపాలి. నిద్ర కూడా వైద్యంలో భాగమే.

టీవీ మనిషికి తోడు కాలేదు. టీవీ పెట్టాము కదా అని రోగి గదికి వెళ్ళడం మానేయకండి. పక్కన కూర్చుని కలిసి చూడండి.

డ్రిల్లింగ్ చేసే రోజు

1. రోగిని, పిల్లలను వేరే గదిలో ఉంచండి. ఉబ్బసం, క్షయ, ఇతర ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి ఆ దుమ్ము మంచిది కాదు. గదిలో ఆక్సిజన్ సిలిండరు గానీ, ఆక్సిజన్ యంత్రం గానీ ఉంటే ముందే ఆపి బయటకు తీసుకువెళ్ళండి. ఆక్సిజన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ కూడా పెద్ద మంట అవుతుంది. ఆక్సిజన్ తప్పనిసరి అయిన రోగి అయితే ఆ పని ఏ రోజు, ఎలా చేయాలో ముందు డాక్టరును అడగండి.

2. గోడ లోపల కరెంటు తీగల గొట్టాలు సాధారణంగా స్విచ్ బోర్డు నుంచి నిటారుగా పైకి, కిందికి, లేదా అడ్డంగా వెళతాయి. కాబట్టి బోర్డుకు సరిగ్గా పైన, కింద, పక్కన రంధ్రం వేయించకండి. స్నానాల గదికీ, వంటింటికీ ఆనుకున్న గోడలో నీటి గొట్టాలు ఉంటాయి. ఇల్లు కట్టిన మేస్త్రినీ, ఎలక్ట్రీషియన్నూ అడిగితే గుర్తు చేసుకుని చెబుతారు.

3. ఆ గది కరెంటును మెయిన్ దగ్గర ఆపి, డ్రిల్లుకు వేరే గది నుంచి కరెంటు తీసుకోవాలి. మీ ఇంట్లో ఆర్.సి.సి.బి. అనే రక్షణ స్విచ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. కరెంటు లీకై మనిషి శరీరంలోకి వెళుతున్నప్పుడు అది క్షణంలో సరఫరాను ఆపుతుంది. లేకపోతే పెట్టించుకోండి.

4. పని చేసేవారు కళ్ళద్దాలు పెట్టుకోవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. రంధ్రంలోని పొడిని నోటితో ఊదకూడదు, అది కంట్లో పడుతుంది. ప్లాస్టిక్ కుర్చీ మీద ఇంకో స్టూలు పెట్టి ఎక్కకూడదు. గట్టి నిచ్చెన కావాలి, కింద ఒకరు పట్టుకోవాలి.

5. 8 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 8 మిల్లీమీటర్ల రంధ్రమే వేయాలి. రంధ్రం లోతు ప్లగ్గు పొడవు కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. ప్లగ్గు చేత్తో నెడితే వదులుగా జారిపోతుంటే అగ్గిపుల్లలు, కాగితాలు కుక్కి సరిపెట్టనివ్వకండి. ఆ చోటు వదిలి పక్కన కొత్త రంధ్రం వేయించండి.

6. బ్రాకెట్ సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూడాలి.

7. టీవీ తగిలించే ముందు బ్రాకెట్‌ను రెండు చేతులతో పట్టుకుని కిందికి గట్టిగా లాగి చూడండి. స్క్రూ కదిలినా, చుట్టూ పూత చిట్లినా ఆ పని మళ్ళీ చేయించాలి. టీవీని ఇద్దరు కలిసి ఎత్తాలి. తగిలించిన తరువాత కింది భాగంలో ఉండే తాళం స్క్రూలను కూడా బిగించమని అడగండి. వీటిని బిగించకుండా వదిలేస్తే టీవీని కింది నుంచి పైకి తోసినప్పుడు కొక్కెం నుంచి ఊడి వస్తుంది.

టెక్నీషియన్ తొందరలో ఉన్నా మీరు ఈ మాటలు మర్యాదగా అడగండి. "బాబూ, ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఒకసారి లాగి చూపించు" అంటే కాదనేవారు ఎవరూ ఉండరు.

గోడకు బిగించడం కుదరకపోతే

అద్దె ఇంట్లో గోడకు రంధ్రాలు వేయడానికి ఇంటివారు ఒప్పుకోకపోవచ్చు. గోడ బలహీనమైనది కావచ్చు. అప్పుడు ఇలా చేయండి. వెడల్పైన, పొట్టిగా, బరువుగా ఉండే బల్ల మీద టీవీ పెట్టండి. సొరుగులు ఉన్న బల్ల వద్దు. టీవీని అంచు నుంచి వెనక్కి, గోడ వైపు జరపండి. టీవీ వెనక రంధ్రాలకు గట్టి పట్టీ బిగించి, దాన్ని బల్ల వెనక చెక్కకు స్క్రూలతో బిగించండి. బల్ల మీద గుడ్డ పరచకండి, పిల్లలు దాన్ని లాగుతారు. గుడ్డతో పాటు టీవీ కూడా వస్తుంది.

బిగించిన తరువాత

- టీవీ పైన, పక్కన బొమ్మలు, రిమోట్, చాక్లెట్లు, చార్జింగ్ ఫోన్లు పెట్టకండి. పిల్లలు ఎక్కేది టీవీ కోసం కాదు, దాని దగ్గర ఉన్న వస్తువు కోసం.
- టీవీ కింద కుర్చీ, స్టూలు, సోఫా ఉంచకండి.
- తీగలు కిందికి వేలాడకూడదు. గోడకు పట్టీలతో బిగించి, ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు పాయింటును టీవీ వెనకే పెట్టించండి.
- ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు ముందే ప్లగ్గు, కేబుల్ తీసేయండి.
- ఆరు నెలలకొకసారి స్క్రూలు వదులయ్యాయేమో, గోడకు చెమ్మ దిగిందేమో చూడండి.
- పాత టీవీని పారేయకుండా పిల్లల గదిలో బల్ల మీదికి మార్చడం చాలా ఇళ్ళలో జరుగుతుంది. ప్రమాదం పోలేదు, గది మారిందంతే. దాన్ని వాడకపోతే ఇంట్లో నుంచి తీసేయండి.

టీవీ గట్టిగా బిగించినంత మాత్రాన పిల్లలను ఎంతసేపైనా చూడనివ్వవచ్చని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం, రెండేళ్ళు నిండని పిల్లలకు తెర ముందు కాలం అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు ఒక గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది.

జరగరానిది జరిగితే

టీవీ బిడ్డ మీద పడితే ముందుగా మెయిన్ స్విచ్ ఆపండి. ఆ తరువాతే టీవీని ఎత్తండి. బిడ్డకు షాక్ కొట్టిందని అనుమానం ఉంటే కరెంటు ఆపేవరకు చేత్తో ముట్టుకోకండి. పగిలిన గాజు ముక్కలు ఉంటాయి, చెప్పులు వేసుకోండి.

బిడ్డకు స్పృహ లేకపోతే, మెడ నొప్పి అంటుంటే, కాళ్ళు చేతులు కదపలేకపోతే, తలను కదలకుండా రెండు చేతులతో పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే అంబులెన్స్ సిబ్బంది ఫోన్‌లో చెప్పినట్టు గుండె మీద ఒత్తడం, శ్వాస ఇవ్వడం మొదలుపెట్టండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. గాయం మీద కాఫీపొడి, పసుపు, సున్నం పెట్టకండి. తల వాచిందని నూనె రాసి రుద్దకండి. డాక్టరు చూసేవరకు తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి.

కింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి:

- కొద్దిసేపైనా స్పృహ తప్పడం
- మళ్ళీ మళ్ళీ వాంతులు
- మూర్ఛ
- ముక్కు నుంచి, చెవి నుంచి రక్తం గానీ, నీరులాంటి ద్రవం గానీ కారడం
- లేపినా సరిగా లేవకపోవడం, మగతగా ఉండడం
- ఒక కంటిపాప పెద్దదిగా, ఒకటి చిన్నదిగా కనిపించడం
- తగ్గని తలనొప్పి, పసిబిడ్డ అయితే ఊరుకోబెట్టలేని ఏడుపు, మాడు ఉబ్బడం
- నడక తడబడడం, ఒక వైపు బలహీనం కావడం
- కడుపు నొప్పి, కడుపు ఉబ్బడం, ఊపిరి కష్టంగా తీయడం

ఒక మాట ముఖ్యంగా గుర్తుంచుకోండి. తలకు దెబ్బ తగిలిన బిడ్డ కొన్నిసార్లు మొదట బాగానే ఆడుకుంటుంది. పుర్రె లోపల మెల్లగా రక్తం చేరుతుంటే కొన్ని గంటల తరువాత పరిస్థితి మారవచ్చు. అందుకే "ఏమీ కాలేదులే" అని వదిలేయకండి. బరువైన వస్తువు తల మీద, ఛాతీ మీద, కడుపు మీద పడిన బిడ్డను డాక్టరుకు తప్పక చూపించండి. ఇంటికి పంపిన తరువాత కూడా రెండు రోజులు కనిపెట్టి చూడండి. ఏం జరిగిందో డాక్టరుకు దాచకుండా చెప్పండి. తిడతారని భయపడవద్దు. ఎంత ఎత్తు నుంచి, ఎంత బరువు, ఎన్ని గంటలకు పడిందన్న వివరాలే వైద్యానికి దారి చూపిస్తాయి.

కుటుంబంతో కలిసి ఆలోచించండి

1. మా ఇంట్లో లాగితే పడిపోయే వస్తువులు ఏవేవి? టీవీ, బీరువా, పుస్తకాల అర, స్టాండు ఫ్యాను?
2. మా బిడ్డ అంత ఎత్తుకు వంగి గది చుట్టూ చూస్తే ఎక్కడానికి ఏమేం కనిపిస్తున్నాయి?
3. మెయిన్ స్విచ్ ఎక్కడ ఉందో ఇంట్లో పెద్దవాళ్ళందరికీ తెలుసా?
4. మంచం మీద ఉన్నవారిని అడిగామా, టీవీ ఎక్కడ ఉంటే వారికి సుఖంగా ఉంటుందో?

మనం మొదట చెప్పుకున్న ఇంటికి తిరిగి వెళదాం. ఆ సాయంత్రమే కొడుకు మేస్త్రిని పిలిపించాడు. తాతగారి తలగడ పక్కన తల ఆనించి చూసి, ఎదురు గోడ మీద కాగితం అంటించారు. మరునాడు టీవీ గోడకెక్కింది. సొరుగుల బల్లను కూడా ఒక పట్టీతో గోడకు బిగించారు. మొత్తం పనికి ఒక పూట పట్టింది. ఇప్పుడు మధ్యాహ్నం వేళ తాతగారి మంచం మీద మనవరాలు కూర్చుని ఉంటుంది, వంటింట్లో తల్లి మనసు నిమ్మళంగా ఉంటుంది.

మీ రోగి త్వరగా కోలుకుని ఇంటికి చేరాలని, ఆ ఇంట్లో చిన్నా పెద్దా అందరూ క్షేమంగా ఉండాలని మా ప్రార్థన. దేవుడు మీ గృహాన్ని కాపాడును గాక.